ఐలన్నకు వచ్చింది ఉత్త సర్దే

పటాన్‌చెరు దాటి భానూరు తొవ్వ పట్టుకుంటే, ఫ్యాక్టరీ గోడలకూ జొన్నచేలకూ నడుమ ఇరుక్కుని ఒక ఊరుంది. ఆ ఊరి కింది వాడలో చాలా ఏళ్లపాటు తెల్లవారడమంటే ఐలన్న దగ్గు వినబడడమే. పాలు పిండేవాళ్లు, మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు గడియారం చూసుకునేవాళ్లు కాదు. ఐలన్న వాకిట్లో వేపపుల్లతో కూర్చునేవాడు. దగ్గు ఎక్కడో మోకాళ్ల దగ్గర పుట్టి, నడుములో మెలితిరిగి, రొమ్ములోకి వచ్చి గర్జించి, చివరికి గోడ పక్కన ఒక ముద్దై పడేది. అప్పుడతను కళ్లు తుడుచుకుని, అంత కష్టపడ్డందుకు తనకు తానే బహుమానంగా ఒక బీడీ ముట్టించుకునేవాడు.

"బండి స్టార్టయింది" అనేవాడు భార్యతో.

"అది స్టార్టయిన సప్పుడు కాదు, లోపల ఏదో ఊడిన సప్పుడు" అనేది సంగమ్మ, బర్రెకు గడ్డి వేస్తూ.

ఎనభైల్లో ఊరి పక్కన మందుల కంపెనీ వచ్చింది. ఐలన్న తండ్రి సాగుచేసిన చెలక కంపెనీ ప్రహరీ లోపలికి పోయింది. దాని వెనకాలే ఐలన్న కూడా బాయిలర్ మీద ఫైర్‌మన్‌గా లోపలికి పోయాడు. పొయ్యిలో బొగ్గు వేయడం, బూడిద లాగడం, మళ్లీ బొగ్గు వేయడం. అక్కడ తయారయ్యే మందులు ఏ రోగానివో ఊళ్లో ఎవరికీ తెలియదు. వాటిని మింగి బాగుపడేవాళ్లు ఎక్కడో ఉండేవాళ్లు. వాసన మాత్రం ఇక్కడ ఉండేది.

బాయిలర్ షెడ్డు గోడ మీద "పొగ తాగరాదు" అని ఎర్ర రంగుతో రాసి ఉండేది. ఏడాదికోసారి ఆ అక్షరాలు మసిబారి కనబడకుండా పోయేవి, పెయింటర్ వచ్చి మళ్లీ రాసేవాడు. ఆ రాతకు సరిగ్గా పైన కంపెనీ చిమ్నీ నల్లగా వదిలేది, కింద ఐలన్న తెల్లగా వదిలేవాడు. ఆఫీసర్లు తనిఖీకి వచ్చే రోజున కార్మికులందరికీ ముక్కుగుడ్డలు పంచేవాళ్లు. ఆఫీసర్లు భోంచేసి వెళ్లాక మళ్లీ వాపసు తీసుకునేవాళ్లు. ఐలన్న ఒకటి దాచుకున్నాడు. చెమటకు తడవకుండా బీడీకట్టను అందులో చుట్టి నడుముకు దోపుకునేవాడు.

అతనికొక సిద్ధాంతం కూడా ఉంది. దాన్ని టీకొట్టు దగ్గర వినని మనిషి లేడు.

"విత్తనం కంకులు యాడ కడతరు? పొయ్యి మీద. ఎందుకు? పొగకు పురుగు పట్టది. మరి నా రొమ్ముల ఇరవై అయిదేండ్ల పొగ ఉన్నది. ఏ పురుగొచ్చి బతుకుతది, చెప్పున్రి!"

పక్కన పెద్దరాములు తల ఊపేవాడు. అతను అదే బాయిలర్‌లో ఇంకో షిఫ్టు ఫైర్‌మన్, చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరిదీ ఒకటే మార్కు బీడీ. అగ్గిపెట్టె ఎవరిదైనా ఒకటే.

యాభై దాటాక ఐలన్నలో ఒక మార్పు వచ్చింది. మనిషి కలుపుగోలుగా తయారయ్యాడు. ముందు ఎవరినీ పట్టించుకోకుండా విసురుగా నడిచిపోయేవాడు, ఇప్పుడు ప్రతి గడప దగ్గరా ఆగి పిల్లల చదువులూ కోళ్ల రోగాలూ అడిగేవాడు. వయసుతో మంచితనం వచ్చిందని ఊళ్లో చెప్పుకున్నారు. అసలు సంగతేమంటే, నాలుగు గడపలు నడిస్తే ఊపిరి అందక ఆగిపోవాల్సి వచ్చేది. ఊరికే ఆగితే పరువు తక్కువ గనుక, ఆగిన చోట ఎవరుంటే వాళ్లను పలకరించేవాడు. ఒకసారి ఎవరూ లేకపోతే కరెంటు స్తంభాన్ని పరిశీలిస్తూ నిలబడ్డాడు.

ఊరి వైద్యుడు వెంకటేశం ఒకప్పుడు సంగారెడ్డిలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండర్. డాక్టరు దగ్గర చదువు తప్ప మిగతావన్నీ నేర్చుకుని వచ్చాడు. అతను ఐలన్న రొమ్ము మీద గొట్టం పెట్టి కాసేపు కళ్లు మూసుకుని, "గ్యాస్" అన్నాడు. ఆ మాట ఇద్దరికీ నచ్చింది. వెంకటేశానికి దానికి మందు తెలుసు. ఐలన్నకు దానివల్ల బీడీ మానాల్సిన పని లేదు.

ఇలా ఉండగా రెండువేల తొమ్మిదిలో స్వైన్ ఫ్లూ వచ్చింది. ఊరికి రాకముందే టీవీలోకి వచ్చింది. పంచాయతీ వాళ్లు మొదట ఊర్లోని పందుల్ని తరిమారు. అవి పక్క ఊరికి పోతే, ఆ ఊరివాళ్లు వాటిని తిరిగి తరిమారు. పటాన్‌చెరు మందుల షాపుల్లో ముక్కుగుడ్డలు అయిపోయాయి. మనుషులు కర్చీఫులూ తువ్వాళ్లూ కట్టుకుని తిరిగారు, ఒకాయన చిన్న పిల్లల బనియను కట్టుకున్నాడు. బస్సులో ఎవరైనా తుమ్మితే రెండు సీట్లు ఖాళీ అయ్యేవి.

ఐలన్నకు ఇది పండగ. రోడ్డు పక్క టీకొట్టు దగ్గర నిలబడి, ముక్కు మూసుకుని వచ్చేపోయేవాళ్లను ఆపి మరీ ఎగతాళి చేశాడు.

"ఏందిరా గది, బర్రె మూతికి చిక్కం కట్టినట్టు? జెర ఇటు రా, ఒక దమ్ము గుంజు. ఫ్లూ లేదు, గీ లేదు!"

ఆ మాటలు నరసరాజు చెవిన పడ్డాయి. అతను జిల్లా ఎడిషన్‌కు వార్తలు పంపే విలేకరి. రోజూ బోరింగు చెడిపోయిందనీ రోడ్డు గుంతలు పడిందనీ రాసి రాసి విసిగిపోయి ఉన్నాడు.

"అన్నా, నీకు ఫ్లూ భయం లేదా?" అని అడిగాడు.

"నాకా? ఫ్లూకే నా భయం ఉండాలె" అని ఐలన్న నింపాదిగా పొగ వదిలాడు. నరసరాజు ఫోటో తీశాడు.

మర్నాడు పేపర్లో "స్వైన్ ఫ్లూకు బీడీ దెబ్బ!" అని పడింది. కింద మేఘం చాటునుంచి తొంగి చూస్తున్నట్టు ఐలన్న మొహం, దాని పక్కన అతని ఇరవై అయిదేళ్ల బీడీ పొగ సిద్ధాంతం. బీడీల కొట్టువాడు ఆ ముక్కను కత్తిరించి దేవుడి పటం పక్కన అంటించాడు. పెద్దరాములు పది మందికి చదివి వినిపించాడు. నెల రోజులు ఐలన్న ఎక్కడ ఆగినా ఆయాసం వల్ల ఆగాడని ఎవరూ అనుకోలేదు, జనానికి దర్శనం ఇస్తున్నాడనుకున్నారు.

చలి మొదలయ్యాక ఐలన్న ఇంట్లో కోడలు తుమ్మింది. ముక్కు కారడం, ఒళ్లు వెచ్చబడడం, గొంతు గీరుకుపోవడం. సంగమ్మ అది సర్ది అని, మిరియాల చారు కాచి పోసింది. కోడలు రెండ్రోజులు దుప్పటి కప్పుకుని పడుకుని లేచింది. కోడలి నుంచి కొడుకు యాదగిరికి అంటింది. అతను ఒక పూట డ్యూటీ ఎగ్గొట్టి, రెండో పూట క్రికెట్ చూసి, మూడో పూట పనికి పోయాడు. ఆ తర్వాత సంగమ్మ వంతు. ఆమెకు పడుకునే తీరిక లేదు. ఒంట్లో జ్వరంతోనే పాలు పిండింది, అదే తగ్గిపోయింది.

"చూసినవా? పొగ తాగనోళ్లకే వస్తది" అన్నాడు ఐలన్న.

తర్వాత అతనికి వచ్చింది.

మొదటి రోజు నాలుగు తుమ్ములు, అంతే. బీడీ రుచి కాలిన రబ్బరులా ఉంది. అయినా మానలేదు, కట్ట మంచిది కాదని ఇంకో కట్ట తెప్పించాడు. మర్నాటికి ఒళ్లు కాలింది. ఆ పొద్దున వాడ వాళ్లకు దగ్గు వినబడలేదు. దగ్గాలని చూశాడు గానీ రొమ్ములో ఏదో జిగురులా అతుక్కుని కదల్లేదు. ఈల వేసినట్టు సన్నటి చప్పుడు మాత్రం బయటికొచ్చింది. మంచం పట్టెలు రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. పడుకుంటే ఎవరో రొమ్ము మీద బస్తా వేసినట్టుంది.

వెంకటేశం వచ్చి సూది వేశాడు. గ్లూకోజు ఎక్కించాడు. గ్యాస్ పైకి తన్నిందన్నాడు. సాయంత్రానికి ఐలన్న పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. ఒక్క మాట పూర్తి చేయడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది.

"యాది... ఒక్క... బీ..."

"నీళ్లా నాయినా?" అన్నాడు యాదగిరి.

నీళ్లు కాదు. బీడీ. సంగమ్మకు అర్థమైంది. ఆమె అతని మొహం చూసింది. వెంకటేశం వైపు తిరిగి, "ఇగ నీ గొట్టం తీస్కపో సారూ" అంది. యాదగిరి అంబులెన్సుకు ఫోను చేశాడు.

అంబులెన్సు వాడలోకి వచ్చేసరికి తలుపులన్నీ మూసుకున్నాయి. ఐలన్నకు స్వైన్ ఫ్లూ అని ఊరు తీర్పు చెప్పేసింది. అతను ఎన్నాళ్లుగానో ఆగి ఆగి పలకరించిన గడపల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. పంచాయతీ మనిషి వచ్చి అంబులెన్సు చక్రాల దాకా తెల్లపొడి చల్లాడు. బీడీల కొట్టువాడు పేపరు ముక్క పీకేసి, ఎందుకైనా మంచిదని దేవుడి పటాన్ని కూడా తుడిచాడు. పెద్దరాములు ఒక్కడే స్ట్రెచర్ పట్టాడు. దాన్ని లోపలికి ఎక్కించి, తాను చాలాసేపు రొప్పుతూ వెనక డోరు పట్టుకుని నిలబడ్డాడు.

పట్నంలో ఛాతీ దవాఖానలో ఐలన్నకు ముక్కుగుడ్డ కట్టారు. ఈసారిది ప్లాస్టిక్‌ది, దానికొక గొట్టం. గాలి లోపలికి తోసే యంత్రం పక్కన గుర్రుమంటూ ఉండేది. ఆ రోజులు అతనికి సరిగా గుర్తులేవు. ఒకటే గుర్తుంది. పీల్చిన గాలి బయటికి పోదు, అది పోకుండా కొత్త గాలి లోపలికి రాదు. బాయిలర్‌లో ఆవిరి నిండిపోయి, తెరుచుకోవాల్సిన మూత తెరుచుకోకపోతే ఎట్లుంటుందో అతనికి తెలుసు. ఇప్పుడు తానే ఆ బాయిలర్. జీవితంలో మొదటిసారి భయపడ్డాడు. సంగమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. పెళ్లైన కొత్తలో కూడా అంతసేపు పట్టుకోలేదని ఆమె తర్వాత చెప్పింది.

తేరుకున్నాక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, పెద్ద కళ్లద్దాలు.

"గొంతులోంచి తీసి పంపిన టెస్టు వచ్చింది పెద్దాయనా. మీది స్వైన్ ఫ్లూ కాదు."

ఐలన్న లేచి కూర్చోబోయాడు. "మరేంది?"

"మీ ఇంట్లో అందరికీ వచ్చిన సర్దే మీకూ వచ్చింది."

"ఉత్త సర్దా?"

"ఉత్త సర్దే."

అతని మొహం మాడిపోయింది. "మల్లోసారి చూడున్రి మేడం. ఒక్కొక్కసారి మిషన్లు కరాబైతయ్" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. మంచం అంచున కూర్చుంది.

"మీ కోడలికీ మీకూ పట్టింది ఒకటే పురుగు. ఆమెకు ఊపిరి ఎకరాలకెకరాలుంది. ఓ మూల పంట పోతే ఆమెకు లెక్కలోకి రాదు. మీకు మిగిలింది ఓ గుంటెడు జాగ. అందులో పురుగు పడింది. ఊపిరి గొట్టాల్లో దుమ్మునూ కఫాన్నీ ఊడ్చే సన్నటి వెంట్రుకలుంటయి, పొగకు అవి మాడిపోయినయి. గొట్టాలు వాచి ఇరుకైనయి. ఊడ్చే దిక్కు లేదు, గాలి పోయే దారి లేదు. గిట్లాంటి రొమ్ములో ఉత్త సర్ది కూడా ఉత్త సర్ది కాదు."

ఐలన్న తల అడ్డంగా ఊపాడు. "నా తప్పు కాదు మేడం. అది కంపెనీ పొగ."

"కంపెనీ పొగా ఉంది, బొగ్గు దుమ్మూ ఉంది, బీడీ పొగా ఉంది. ఎవరి వాటా ఎంతంటే నేను విడదీసి చెప్పలేను. కంపెనీ పొగ మిమ్మల్ని అడిగి రాలేదు. బీడీ మాత్రం మీరు అగ్గిపుల్ల గీస్తేనే వచ్చింది."

ఇంటికి పంపేముందు ఒక గొట్టంలో ఊదమన్నారు. ఐలన్న దాన్ని చిన్నచూపు చూసి, కుర్చీలో సర్దుకుని, పొయ్యి ఊదినట్టు ఊదాడు. పక్కనున్న నర్సు "ఇంకా, ఇంకా, ఇంకా" అంటోంది. అతని దగ్గర ఇంకా లేదు. ఉన్న కాస్తా మొదటే అయిపోయింది. మూడుసార్లూ అంతే. తెర మీద ఎక్కాల్సిన గీత కొంచెం లేచి, ఎండకు తాళలేని మొలకలా వాలిపోయింది.

ఊరికి తిరిగొచ్చేటప్పుడు ఐలన్న దారి పొడుగునా ఆలోచించాడు. స్వైన్ ఫ్లూ వచ్చి బతికితే మొనగాడు. సర్దికి దవాఖాన పాలైతే నవ్వులపాలు. వాడలో దిగేసరికి నిర్ణయం జరిగిపోయింది.

"స్వైన్ ఫ్లూనే. పెద్ద డాక్టర్లు సూత నోరు తెరిచిన్రు. వేరేటోడైతే బస్సెక్కినంత జల్దీ పోతుండె అన్నరు" అని చెప్పాడు.

ఊరు ముందే చెప్పుకున్నదాన్నే అతనూ చెప్పాడు గనుక అందరూ నమ్మారు. నరసరాజు మళ్లీ వచ్చాడు. ఈసారి "మృత్యువును జయించిన కార్మికుడు" అని పడింది. బీడీ వల్ల ఫ్లూ రాదన్న వాడికే ఫ్లూ వచ్చిందేమని పేపరు అడగలేదు, పాఠకులూ అడగలేదు.

సంగమ్మ మాత్రం పేపరు చూసి పక్కన పెట్టింది. "నాకు సూత గదే వచ్చింది. నేను బర్రెను మేపుకుంట, చెంబులు తోముకుంట జయించిన. నా ఫోటో ఎవడూ తియ్యలే."

బీడీ ఆగిపోయింది. బుద్ధి వచ్చి ఆపాడనడానికి లేదు. ఒకసారి పెరట్లో దొంగతనంగా ముట్టించి గుంజబోతే లోపలికి గుంజే బలమే లేకపోయింది. మంట వేళ్ల దగ్గరే చచ్చిపోయింది. దాన్ని చూసి గోడకానుకుని ఏడ్చాడు. ఆ తర్వాత మళ్లీ ముట్టలేదు.

బాయిలర్ పని ఇక కాదు గనుక గేటు దగ్గర కూర్చునే పని ఏదైనా ఇమ్మని కంపెనీకి పోయాడు. పర్సనెల్ మేనేజరు ఫైలు తీసి, అందులోంచి మొదటి పేపరు ముక్కను బయటికి లాగాడు. పొగ మేఘంలో ఐలన్న మొహం.

"ఇది మీరే కదా?"

"నేనే సార్" అన్నాడు ఐలన్న కొంచెం గర్వంగా.

"మీరే చెప్పారు, రొమ్ములో ఇరవై అయిదేళ్ల బీడీ పొగ ఉందని. మా కంపెనీ పొగ అని ఒక్క మాటైనా ఉందా ఇందులో? పైగా మా షెడ్డు మీద పొగ తాగరాదని రాసి కూడా పెట్టాం."

కిటికీ బయట చిమ్నీ తన పని తాను చేసుకుపోతోంది. ఐలన్న నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి, అన్నిటికీ సరిపడా ఊపిరి లేదు. దండం పెట్టి వచ్చేశాడు. ఊరంతా కీర్తించిన అతని మాటను జాగ్రత్తగా దాచిపెట్టుకున్నది ఆ కంపెనీ ఒక్కటే.

కొన్నాళ్లకు పెద్దరాములు చూడ్డానికి వచ్చాడు. వాకిలి మధ్యలో ఆగి, బర్రె ఎన్ని పాలిస్తోందని సంగమ్మను అడిగాడు. ఆ బర్రెను వాళ్లకు అమ్మింది అతనే. మంచం మీదనుంచి చూస్తున్న ఐలన్నకు ఆ ఆగడం ఎందుకో తెలిసిపోయింది. పెద్దరాములు వచ్చి కూర్చుని, దగ్గి, గోడ పక్క ఉమ్మి, బీడీ తీశాడు.

"ఇడిసిపెట్టు రాములూ. నా గతి చూస్తున్నవు గదా."

"నీకంటే స్వైన్ ఫ్లూ వచ్చె. గది వస్తే ఎసొంటోడైనా పడతడు. బీడీ ఏం జేసింది పాపం?"

ఐలన్న సంగమ్మ వైపు చూశాడు. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు, కానీ చాట చప్పుడు ఆగింది.

"ఫ్లూ కాదురా" అన్నాడు ఐలన్న. ఊపిరి తీసుకున్నాడు. "ఉత్త సర్ది. మా కోడలికి వచ్చినదే. పరువు పోతదని... అబద్ధం చెప్పిన."

పెద్దరాములు అతని మొహంలోకి చూసి పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు నుంచి బయటపడడానికి చాలాసేపు పట్టింది. "నన్ను బీడీ మాన్పియ్యనీకి గింత కథ అల్లుతున్నవా! పేపర్ల పడ్డది అబద్ధమైతదా?"

ఐలన్న ఒట్టు వేశాడు. సంగమ్మ కూడా అవునంది. మొగుడి మాటకు పెళ్లాం వంత పాడుతోందని పెద్దరాములు దాన్నీ కొట్టిపారేశాడు. జీవితమంతా ఉత్తమాటలు చెప్పి నమ్మించినవాడు, చెప్పిన ఒక్క నిజానికి గిరాకీ లేక కూర్చున్నాడు. అయితే నలభై ఏళ్లు దాటిన స్నేహంలో అతనికి పెద్దరాములు ఎక్కడ దొరుకుతాడో తెలుసు.

"సరే తీయ్. దవాఖానల ఒక గొట్టం ఉన్నది. ఊదితే ఎవని రొమ్ముల ఎంతున్నదో చెప్తది. నేను ఊదిన. నీతోని కాదు."

"నాతోని కాదా? నీకు డబల్ ఊదుత!"

తర్వాతి సోమవారం ఐలన్న మళ్లీ చూపించుకోవాల్సిన రోజు. ఇద్దరూ కలిసి పట్నం పోయారు. ఈసారి నిజంగానే ఫ్లూ వచ్చి పడగొట్టకుండా ఐలన్నకు టీకా వేశారు. పెద్దరాములు చొక్కా చేతులు పైకి మడిచి గొట్టం అందుకున్నాడు. నర్సు "ఇంకా, ఇంకా" అంది. అతను కళ్లు బయటికొచ్చేలా ఊదాడు. డాక్టరమ్మ తెర చూసి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసింది. చాలాసేపు మాట్లాడింది.

సంగారెడ్డి బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. బస్సు లింగంపల్లి దాటింది.

"నీకంటే ఎక్కువే ఊదిన" అన్నాడు పెద్దరాములు.

"ఎక్కువే" ఒప్పుకున్నాడు ఐలన్న.

"కొంచెమే ఎక్కువ."

"ఊఁ."

బస్సు పటాన్‌చెరు చేరుతుంటే కిటికీలోంచి తెలిసిన వాసన కొట్టింది. వెనక సీట్లో ఎవరో గట్టిగా తుమ్మారు. పెద్దరాములు ఉలిక్కిపడి, భుజం మీది తువ్వాలు తీసి ముక్కు మూసుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, రెండో కొసను ఐలన్న చేతికిచ్చాడు.